స్పెషల్ ఫీజు ఏ పద్దులో పడింది? క్యాంపస్ ఫీజుల లెక్క అడగడం ఇలా

అడ్మిషన్ రోజు అందరి దృష్టీ ట్యూషన్ ఫీజు మీదే ఉంటుంది. రీయింబర్స్‌మెంట్ వస్తుందా రాదా, వస్తే ఎప్పుడొస్తుంది, అదే టెన్షన్. ఆ ట్యూషన్ ఫీజు కింద వరసగా ఇంకొన్ని లైన్లు ఉంటాయి: లైబ్రరీ, ల్యాబ్, స్పోర్ట్స్, ఇంటర్నెట్, మెడికల్, డెవలప్‌మెంట్, స్పెషల్ ఫీజు. ఒక్కోటి మూడొందలో, అయిదొందలో, వెయ్యో. చిన్న మొత్తాలే కదా అని కట్టేసి రసీదు ఎక్కడో పడేస్తాం. కానీ ఆరు వేల మంది చదివే చోట తలా అయిదొందలు స్పోర్ట్స్ ఫీజు కట్టారనుకోండి, ఏడాదికి 30 లక్షలు, నాలుగేళ్లకు కోటీ 20 లక్షలు. అక్కడ గ్రౌండ్‌లో పిచ్చిమొక్కలు మొలిచి, వాలీబాల్ నెట్ కూడా పిల్లలు చందాలేసుకుని కొనుక్కుంటున్నారంటే ఆ డబ్బు గురించి అడగాల్సిందే.

అయితే అడిగే పద్ధతి ఒకటుంది. "మా డబ్బులు ఏం చేశారు?" అని అడిగితే ఎవరూ జవాబు చెప్పరు, చెప్పినా "అభివృద్ధి పనులకు వినియోగించాం" అని ఒక్క లైను రాసి పంపిస్తారు. పద్దు పేరు పెట్టి, సంవత్సరం పెట్టి, ఏ కాగితం కావాలో ఆ కాగితం పేరు పెట్టి అడిగితే తప్పించుకోవడం కష్టం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చదువుతున్నవాళ్లు సమాచార హక్కు చట్టం (ఆర్‌టీఐ) కింద ఇది ఎలా చేయాలో కింద రాస్తున్నాను.

ముందు మీ రసీదు తియ్యండి

ఎస్‌బీఐ కలెక్ట్‌లో కట్టినా, చలాన్ మీద కట్టినా, కాలేజీ యాప్‌లో కట్టినా ఆ రసీదులో పద్దులు విడివిడిగా ఉన్నాయా, లేక "అదర్ ఫీజెస్" అని ఒకే ముద్దగా ఉందా చూడండి. మీ రసీదు ఒక్కటే చాలదు. మీ సీనియర్‌వి, జూనియర్‌వి కూడా తీసుకోండి. ఏ ఏడాది ఏ పద్దు కొత్తగా వచ్చింది, ఏది పెరిగింది, ఏది పేరు మార్చుకుంది అన్నది పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. పేరు మార్చుకున్న పద్దుల దగ్గర కాస్త ఆగి చూడండి, పాత పేరు మీద మిగిలిన డబ్బు కొత్త పేరులోకి వచ్చిందా లేదా అన్నది చాలామంది అడగని ప్రశ్న.

కట్టించుకునేటప్పుడే ముద్దగా కట్టించుకున్నారంటే దానికీ ఒక నియమం ఉంది. యూజీసీ 2023లో తెచ్చిన విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం, అడ్మిషన్లు మొదలవడానికి కనీసం 60 రోజుల ముందు సంస్థ తన ప్రాస్పెక్టస్‌ను ప్రకటించాలి, అందులో ఫీజులో ఉండే ప్రతి భాగాన్నీ, డిపాజిట్లనీ, ఇతర చార్జీలనీ విడివిడిగా చూపించాలి. హాస్టల్, లైబ్రరీ లాంటి సౌకర్యాలు ఏమున్నాయో కూడా రాయాలి. ప్రాస్పెక్టస్‌లో లేని డబ్బు అడగడం ఆ నిబంధనల ప్రకారం ఫిర్యాదు చేయదగ్గ విషయమే. అందుకే మీరు చేరిన ఏడాది ప్రాస్పెక్టస్ పీడీఎఫ్ దాచుకోండి, ఇవాళ వెబ్‌సైట్‌లో ఉన్నది రేపు ఉండకపోవచ్చు.

కాషన్ డిపాజిట్ సంగతి వేరు. అది ఫీజు కాదు, మీ డబ్బు వాళ్ల దగ్గర దాచినట్టు. కోర్సు అయిపోయాక తిరిగి ఇవ్వాలి. అడగనివాళ్లది అక్కడే ఉండిపోతుంది కాబట్టి టీసీ తీసుకునే రోజే అడిగి తీసుకోండి.

మీ సంస్థ ఏ రకం?

దారి మొత్తం దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఉస్మానియా, ఆంధ్ర, కాకతీయ, శ్రీ వేంకటేశ్వర, జేఎన్‌టీయూలు లాంటి రాష్ట్ర యూనివర్సిటీలు నేరుగా సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ, మనూ, అనంతపురం సెంట్రల్ యూనివర్సిటీ, వరంగల్ నిట్, తిరుపతి ఐఐటీ లాంటివి కూడా వస్తాయి, వీటికి కేంద్ర ప్రభుత్వ ఆర్‌టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే దరఖాస్తు పెట్టొచ్చు. ఎయిడెడ్ కాలేజీలు "మేం ప్రైవేటు సొసైటీ, మాకు వర్తించదు" అంటాయి. ప్రభుత్వ నిధులతో గణనీయంగా నడిచే విద్యాసంస్థలు ఈ చట్టం కిందికి వస్తాయని 2019లో డీఏవీ కాలేజ్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. ఆ తీర్పు పేరు దరఖాస్తులో ఒక లైన్ రాస్తే చాలు.

ఎయిడ్ లేని ప్రైవేటు కాలేజీలకు చుట్టుదారి ఉంది, దాని గురించి తర్వాత రాస్తాను.

దరఖాస్తు పెట్టేముందు వాళ్లే పెట్టినవి చదవండి

ఇది చాలామంది వదిలేసే పని. కేంద్ర విద్యాశాఖ ఏటా ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు కోసం పోటీ పడే సంస్థలు తాము ఇచ్చిన డేటాను తమ వెబ్‌సైట్‌లో పెడతాయి. అందులో మూడేళ్ల ఖర్చు ఉంటుంది: లైబ్రరీకి ఎంత, ల్యాబ్ పరికరాలకు ఎంత, జీతాలకు ఎంత, నిర్వహణకు ఎంత అని. భూమి, భవనాల ఖర్చు, హాస్టల్ ఖర్చు అందులో ఉండవు, కాబట్టి బిల్డింగ్ ఫండ్‌ని దానితో పోల్చకండి. లైబ్రరీ ఫీజుని మాత్రం హాయిగా పోల్చొచ్చు. విద్యార్థుల నుంచి లైబ్రరీ ఫీజు కింద వచ్చేది ఎంతో మీరే లెక్కేయగలరు, లైబ్రరీకి పెట్టిన ఖర్చు వాళ్లే రాసి పెట్టారు. రెంటికీ పొంతన లేకపోతే మీ మొదటి ప్రశ్న దొరికినట్టే.

విద్యాసంస్థల నాణ్యతకు గ్రేడ్ ఇచ్చే న్యాక్‌కి మీ సంస్థ ఇచ్చే సెల్ఫ్ స్టడీ రిపోర్టు కూడా వెతకండి. నాలుగో అంశం మౌలిక సదుపాయాల గురించే ఉంటుంది. ఏటా ఎంత ఖర్చు పెట్టామో సంవత్సరాల వారీగా లక్షల్లో రాస్తారు, కింద ఆడిట్ చేసిన లెక్కల పీడీఎఫ్‌లు కూడా జతచేస్తారు. గ్రేడ్ కోసం గొప్పగా చూపించిన అంకెలు ఫీజు లెక్కల దగ్గరకొచ్చేసరికి మారిపోతే, రెండూ వాళ్ల సంతకాలతోనే ఉన్న కాగితాలు కాబట్టి మీరు వాదించాల్సిన అవసరం కూడా ఉండదు.

ప్రభుత్వ సంస్థలు అయితే సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి) ప్రకారం బడ్జెట్, ప్రతిపాదిత ఖర్చులు, చెల్లింపుల నివేదికలు ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. చాలా చోట్ల ఆ పేజీలో ఏళ్ల కిందటి ఫైలు ఒకటి ఉంటుంది. ఆ పేజీ స్క్రీన్‌షాట్ తేదీతో సహా తీసి పెట్టుకోండి.

దరఖాస్తు రాయడం

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, పని అంతా ఇందులోనే ఉంది.

"ఎందుకు" అనే మాటతో ప్రశ్న వేయకండి. "స్పోర్ట్స్ ఫీజు వసూలు చేసి కూడా గ్రౌండ్ ఎందుకు బాగుచేయలేదు?" అంటే అది సమాచారం కాదు, అభిప్రాయం అని తిప్పి పంపుతారు. చట్టప్రకారం అది వాళ్లకు చెల్లుతుంది కూడా, ఎందుకంటే రికార్డులో ఉన్నదే ఇవ్వాలి తప్ప లేనిదాన్ని తయారు చేసి ఇవ్వక్కర్లేదని 2011లో సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కాబట్టి కాగితాలు అడగండి.

ఇంకో చిన్న చిక్కు. మీరు ఫీజు కట్టేది విద్యా సంవత్సరం ప్రకారం, యూనివర్సిటీ లెక్కలు రాసేది ఏప్రిల్ నుంచి మార్చి వరకు. విద్యా సంవత్సరం పెట్టి అడిగితే "ఆ విధంగా రికార్డు నిర్వహించడం లేదు" అని రాసి పంపే వీలుంటుంది. ఆర్థిక సంవత్సరం పెట్టి అడగండి.

ఇలా రాయొచ్చు:

"పౌర సమాచార అధికారి గారికి. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద ఈ కింది సమాచారం కోరుతున్నాను. 2021–22 నుంచి 2024–25 వరకు ప్రతి ఆర్థిక సంవత్సరానికి, స్పోర్ట్స్ ఫీజు పద్దు కింద విద్యార్థుల నుంచి వసూలైన మొత్తం, అదే పద్దు కింద జరిగిన ఖర్చు, మార్చి 31 నాటి ముగింపు నిల్వ. ఆ పద్దుకు సంబంధించిన లెడ్జర్ పేజీల నకళ్లు. ఈ ఫీజును నిర్ణయించిన లేదా పెంచిన పాలక మండలి తీర్మానం నకలు. ఈ పద్దు నుంచి వేరే పద్దుకు నిధులు బదిలీ చేసి ఉంటే ఆ ఉత్తర్వుల నకళ్లు. ఈ పద్దుపై ఆడిట్ అభ్యంతరాలు ఉంటే వాటి నకళ్లు, యూనివర్సిటీ ఇచ్చిన జవాబుల నకళ్లు. ఈ నిధులతో చేపట్టిన పనుల వర్క్ ఆర్డర్లు, ఎం-బుక్‌లు స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం తెలపగలరు."

ఒక దరఖాస్తుకి ఒక పద్దే పెట్టండి, మహా అయితే రెండు. పది పద్దులు కలిపి అడిగితే ఫైలు పది సెక్షన్లు తిరిగి ఎక్కడో ఆగిపోతుంది.

చివర అడిగిన పరిశీలన సంగతి చాలామందికి తెలియదు. సెక్షన్ 2(జె) ప్రకారం రికార్డులనీ, జరిగిన పనినీ కూడా వెళ్లి చూసే హక్కు ఉంది, నోట్స్ రాసుకోవచ్చు. ఎం-బుక్ అంటే ఇంజినీరింగ్ సెక్షన్ వాళ్లు చేసిన పనిని కొలిచి రాసే పుస్తకం, బిల్లు దాని ఆధారంగానే పాసవుతుంది. బాస్కెట్‌బాల్ కోర్టుకి రెండు పూతలు వేసినట్టు ఎం-బుక్‌లో ఉంటే, కోర్టు మీ కళ్ల ముందే ఉంది కదా. రికార్డుల పరిశీలనకు మొదటి గంట ఫీజు ఉండదు. సివిల్ ఇంజినీరింగ్ చదివే స్నేహితుడిని అడిగి ఆ కొలతలు ఎలా చదవాలో నేర్చుకుని వెళ్లండి.

దరఖాస్తు ఫీజు పది రూపాయలు. తెల్ల రేషన్ కార్డు లాంటి ఆధారం చూపిస్తే దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. నగదు కడితే రసీదు తీసుకోండి, లేదా పోస్టల్ ఆర్డర్ జతచేయండి. రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, లేదంటే ఇన్‌వార్డ్ సెక్షన్‌లో ఇచ్చి మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ తేదీ లేకపోతే తర్వాత అప్పీలుకు కాళ్లే ఉండవు.

విద్యార్థినని రాయక్కర్లేదు. ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు, సెక్షన్ 6(2) ఆ ప్రశ్న అడగొద్దనే చెబుతుంది. ఇంటర్నల్ మార్కులు, హాల్‌టికెట్, రీసెర్చ్ గైడ్ సంతకం అన్నీ వాళ్ల చేతిలో ఉన్నాయన్న భయం ఉత్తది కాదు, దాన్ని పిరికితనం అని తీసిపారేయడం నాకు నచ్చదు. అలాంటప్పుడు చదువు అయిపోయిన సీనియర్ అన్నయ్యో అక్కో పెట్టొచ్చు, మీ నాన్నగారు పెట్టొచ్చు, ఊళ్లో ఉన్న మావయ్య పెట్టొచ్చు. భారత పౌరులు ఎవరైనా అడగొచ్చు. సంఘం పేరు మీద కాకుండా వ్యక్తి పేరు మీదే పెట్టండి.

జవాబులు ఎలా వస్తాయంటే

30 రోజుల్లో జవాబు రావాలి. ఆ గడువు దాటాక ఇస్తే నకళ్లకు డబ్బులు తీసుకోకుండా ఉచితంగా ఇవ్వాలి, ఇది సెక్షన్ 7(6).

"సమాచారం చాలా ఎక్కువగా ఉంది, ఇవ్వడం సాధ్యం కాదు" అని ఒక రకం జవాబు వస్తుంది. సెక్షన్ 7(9) అడిగిన రూపంలో కాకుండా వేరే రూపంలో ఇవ్వొచ్చని మాత్రమే చెబుతుంది, నిరాకరించమని చెప్పదు. వచ్చి చూసుకుంటాం, తేదీ ఇవ్వండని రాయండి. "మూడో పక్షం సమాచారం" అని, "వాణిజ్య గోప్యత" అని అంటారు. విద్యార్థుల దగ్గర వసూలు చేసిన ఫీజు మొత్తంలో వాణిజ్య రహస్యం ఏముంటుంది? ఒకవేళ ఒక పేజీలో ఎవరి బ్యాంకు ఖాతా నంబరో ఉంటే అంతవరకు కొట్టేసి మిగతాది ఇవ్వాలి, సెక్షన్ 10 ఉన్నదే అందుకు. "ఆ సమాచారం మా సెక్షన్‌లో లేదు" అంటే ఉన్న సెక్షన్ నుంచి తెప్పించి ఇవ్వాల్సింది పౌర సమాచార అధికారే. వేరే శాఖ దగ్గర ఉంటే అయిదు రోజుల్లో అక్కడికి బదిలీ చేయాలి.

అన్నిటికంటే ముఖ్యమైన జవాబు ఇంకోటి ఉంది: "అన్ని ఫీజులూ జనరల్ ఫండ్‌లో జమ అవుతాయి, పద్దుల వారీగా ఖర్చు నిర్వహించడం లేదు." ఇది చూసి చాలామంది నీరుగారిపోతారు. నా దృష్టిలో మీకు దొరకగల అతి విలువైన కాగితం ఇదే. స్పోర్ట్స్ కోసమని పేరు పెట్టి వసూలు చేసిన డబ్బుని స్పోర్ట్స్‌కే వాడారని చూపించే లెక్క తమ దగ్గర లేదని వాళ్లే రాసి ఇచ్చారు. 2004లో ఢిల్లీ ప్రైవేటు స్కూళ్ల కేసులో సుప్రీంకోర్టు, డెవలప్‌మెంట్ ఫీజు వసూలు చేయాలంటే దానికి ప్రత్యేకంగా ఖాతా ఉండాలని, ఫర్నిచర్, పరికరాల కొనుగోలుకు, మెరుగుదలకే వాడాలని చెప్పింది. అది స్కూళ్ల గురించి చెప్పిన మాట కాబట్టి యూనివర్సిటీలకు యథాతథంగా వర్తిస్తుందని నేను అనను, కానీ పేరు పెట్టి తీసుకున్న డబ్బుకి పేరు పెట్టే లెక్క చెప్పాలన్న సూత్రం అదే. రెండో దరఖాస్తులో, జనరల్ ఫండ్‌లో కలపడానికి అనుమతించిన తీర్మానం నకలు అడగండి.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. డబ్బు కనిపించలేదంటే ఎవరో జేబులో వేసుకున్నారనే అర్థం కాదు. రాష్ట్ర యూనివర్సిటీలకు ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటు జీతాలకు, పెన్షన్లకే చాలనప్పుడు, చేతిలో ఉన్న ఫీజుల డబ్బు అటు మళ్లుతుంది. రిటైరైన ఉద్యోగి పెన్షన్ ఆగిపోకూడదు, నిజమే. కానీ ఆ భారం ఎవరికీ చెప్పకుండా పిల్లల స్పోర్ట్స్ ఫీజు మీద వేయడం న్యాయం కాదు. మళ్లించామని కాగితం మీద ఒప్పుకుంటే కనీసం గ్రాంటు పెంచమని ప్రభుత్వాన్ని అడగడానికి ఆధారమైనా ఉంటుంది.

జవాబు రాకపోతే

గడువు ముగిశాక 30 రోజుల్లో మొదటి అప్పీలు పెట్టండి, అదే సంస్థలో పై అధికారికి. దానికి 30 రోజుల్లో, ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో తేల్చాలి. అప్పటికీ కాకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సమాచారం నిరాకరించడం సరైనదేనని నిరూపించుకోవాల్సిన బాధ్యత అధికారిదే, మీది కాదు. కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా వేయగలదు. అయితే కమిషన్ దగ్గర ఆలస్యం మామూలే. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు, రెండేళ్లకు పైగా, కమిషనర్లే లేకుండా గడిచింది. అందుకని మొదటి అప్పీలునే బలంగా రాయండి, విచారణకు పిలిస్తే తప్పకుండా వెళ్లండి, చాలాసార్లు అక్కడే కాగితాలు బయటికొస్తాయి.

ఆ లోపు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. రాష్ట్ర యూనివర్సిటీల లెక్కలు స్టేట్ ఆడిట్ శాఖ చూస్తుంది, ఆడిట్ నివేదిక నకలు ఆ శాఖ దగ్గర కూడా అడగొచ్చు. సెంట్రల్ యూనివర్సిటీల వార్షిక లెక్కల్ని కాగ్ ఆడిట్ చేస్తుంది, అవి పార్లమెంటు ముందుకు వెళ్తాయి, వార్షిక నివేదికతో పాటు దొరుకుతాయి.

ప్రైవేటు కాలేజీల్లో

తెలంగాణలో ఇంజినీరింగ్ లాంటి వృత్తి కోర్సుల ఫీజుని ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ, అంటే టీఏఎఫ్‌ఆర్‌సీ, పరిశీలిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌ది. కాలేజీలు తమ ఆదాయం, ఖర్చుల లెక్కలు ఇచ్చాకే అక్కడ ఫీజు ఖరారవుతుంది. అంటే కాలేజీ మీకు ఇవ్వని లెక్కలు ప్రభుత్వ సంస్థ దగ్గర ఉన్నాయి. ప్రభుత్వ అధికారి వేరే చట్టం కింద తెప్పించుకోగల ప్రైవేటు సంస్థ సమాచారం కూడా సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం సమాచారమే. దరఖాస్తు కాలేజీకి కాకుండా కమిటీకి పెట్టండి.

ఖరారైన ఫీజు మీద "బిల్డింగ్ ఫండ్" అని, "క్యాంపస్ డెవలప్‌మెంట్" అని అదనంగా అడిగితే నగదు ఇవ్వకండి. బ్యాంకులోనో యూపీఐలోనో కడితే కనీసం ఆధారం మిగులుతుంది. క్యాపిటేషన్ ఫీజుని నిషేధించే చట్టం మనకు 1983 నుంచే ఉంది. కమిటీకి రాసే ఫిర్యాదులో ఖరారైన ఫీజు ఉత్తర్వు, మీ చెల్లింపు ఆధారం రెండూ పక్కపక్కన పెడితే ఇంకేమీ రాయాల్సిన పని లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు మెడికల్ కాలేజీల ఫీజుని ఏడాదికి 24 లక్షలకు పెంచిన 2017 నాటి ఉత్తర్వు చెల్లదని, అదనంగా వసూలు చేసింది వెనక్కివ్వాలని 2022 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. రసీదులు దాచుకున్నవాళ్లకే అలాంటి తీర్పు పనికొస్తుంది.

ఫిర్యాదుల కమిటీ, అంబుడ్స్‌పర్సన్

యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, ప్రత్యేక ఆహ్వానితుడిగా ఒక విద్యార్థి ప్రతినిధి ఉండాలి. ప్రతి యూనివర్సిటీకీ ఒక అంబుడ్స్‌పర్సన్, అంటే కమిటీ నిర్ణయాల మీద అప్పీళ్లు వినే వ్యక్తి, ఉండాలి. కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అది నచ్చకపోతే నిర్ణయం అందిన 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు, ఆయన 30 రోజుల్లో తేల్చాలి. సమాచారం చేతికి రాకముందే ఇక్కడికి పరిగెత్తకండి. తప్పుడు ఫిర్యాదనో, పసలేని ఫిర్యాదనో తేలితే ఫిర్యాదు చేసినవాళ్ల మీదే చర్యకు అంబుడ్స్‌పర్సన్ సిఫారసు చేసే వీలు ఆ నిబంధనల్లో ఉంది. లెడ్జర్ నకలు, ప్రాస్పెక్టస్ పేజీ, రసీదు, సౌకర్యం ఫొటో తేదీతో సహా, ఇవి ఉన్నాక వెళ్లండి.

వెళ్లినప్పుడు "న్యాయం చేయండి" అని రాయకండి, ఏం కావాలో తేల్చి రాయండి. పద్దులో 40 లక్షల నిల్వ ఉందని లెడ్జర్ చెబితే, ఆ డబ్బుతో ఈ ఆర్థిక సంవత్సరంలో ఏ పని, ఏ నెలలోపు చేస్తారో రాతపూర్వకంగా అడగండి. నిల్వ లేదంటే, మళ్లించిన మొత్తాన్ని వచ్చే బడ్జెట్‌లో ఆ పద్దుకి తిరిగి జమ చేయమని అడగండి. బడ్జెట్ అంచనాలు మార్చిలోపే తయారవుతాయి కాబట్టి ఆ వినతిపత్రం సంక్రాంతి సెలవులు అయిపోగానే రిజిస్ట్రార్‌కి, ఫైనాన్స్ ఆఫీసర్‌కి ఇద్దరికీ ఇచ్చి, రెండు కాపీల మీదా ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకోండి.